ఇన్‌కమ్ ట్యాక్స్ ఎత్తేసి అమ్మకం పన్ను ఒక్కటే పెడితే ఎవరికి లాభం?

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను. మీకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, జీతం ఏడాదికి 18 లక్షలు. అచ్చంపేటలో మీ నాన్నగారిది కిరాణా షాపు. జీతం చేతికి రాకముందే ఇన్‌కమ్ ట్యాక్స్‌ను టీడీఎస్ పేరుతో కోసేస్తున్నారు, మిగిలిన దాంతో సబ్బు కొన్నా జీఎస్టీ పడుతోంది. అమెరికాలో ఇన్‌కమ్ ట్యాక్స్ మొత్తం రద్దు చేసి దేశమంతటికీ ఒకే అమ్మకం పన్ను పెట్టాలని బిల్లు ఉంది కదా, అది మన దగ్గర ఎందుకు పెట్టరు, పెడితే లెక్కలు దాచేవాళ్లు కూడా కొన్నప్పుడు కట్టక తప్పదు కదా అన్నారు.

నేను నల్లగొండలో ట్యాక్స్ ప్రాక్టీసు చేస్తాను. 1988లో మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమస్తాగా మొదలయ్యాను. ఏపీజీఎస్టీ (ఉమ్మడి రాష్ట్రంలోని పాత సేల్స్ ట్యాక్స్), వ్యాట్, జీఎస్టీ మూడింటి కాలంలోనూ రిటర్నులు రాశాను. అందుకని ఈ జవాబు ఎకనామిక్స్ ప్రొఫెసర్ చెప్పేలా ఉండదు, గల్లాపెట్టె పక్కన కూర్చున్నవాడు చెప్పేలా ఉంటుంది. మీ కోపంలో న్యాయం ఉంది. అయినా మీరడిగిన మార్పు వద్దనే అంటాను. వద్దనడానికి అసలు కారణం మీ నాన్నగారి షాపులోనే ఉంది. అక్కడికి వెళ్లే ముందు కొంచెం లెక్క చూద్దాం.

ముందు ఆ అమెరికా బిల్లు. దాని పేరు ఫెయిర్ ట్యాక్స్. జార్జియా నుంచి గెలిచిన జాన్ లిండర్ అనే ప్రతినిధి 1999లో పెట్టాడు. అప్పటి నుంచి ఎవరో ఒకరు మళ్లీ మళ్లీ పెడుతూనే ఉన్నారు, 2023లో బడ్డీ కార్టర్ పెట్టాడు. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా సభ ఆమోదం పొందలేదు. వ్యక్తుల ఆదాయపు పన్ను, కంపెనీల పన్ను, జీతాల మీద వేసే పన్ను అన్నీ తీసేసి, వస్తువు చివరగా వాడుకునేవాడికి అమ్మినప్పుడు ఒక్కసారే పన్ను వేయాలన్నది దాని సారం. రేటు 23 శాతం అంటారు. ఇక్కడే ఒక చమత్కారం ఉంది. 100 రూపాయల వస్తువు మీద 30 రూపాయలు వేసి 130కి అమ్ముతారు. 130లో 30 ఎంత అంటే 23 శాతం. మన దుకాణం భాషలో అయితే అది 30 శాతం పన్నే. జీఎస్టీని మనం లెక్కపెట్టే పద్ధతిలో 23 అని ఎవరైనా చెప్తే నమ్మకండి. 2005లో జార్జ్ బుష్ వేసిన పన్నుల కమిటీ కూడా ఈ తరహా పన్నును పరిశీలించింది, కానీ సిఫారసు చేయలేదు.

ఇక మన లెక్క. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో వ్యక్తుల ఆదాయపు పన్ను అంచనా 14 లక్షల 38 వేల కోట్లు. కంపెనీల పన్ను మరో 10 లక్షల 82 వేల కోట్లు. 2024-25లో కేంద్రం, రాష్ట్రాలు, దిగుమతులు అన్నీ కలిపి దేశమంతటా వసూలైన జీఎస్టీ 22 లక్షల 8 వేల కోట్లు. సంవత్సరాలు ఒకటి అటూ ఇటూ అయినా మోటు లెక్కకు సరిపోతాయి. కంపెనీల పన్ను జోలికి పోకుండా వ్యక్తుల ఇన్‌కమ్ ట్యాక్స్ ఒక్కటే ఎత్తేసినా, ఆ గుంట పూడ్చడానికి జీఎస్టీ వసూళ్లు 65 శాతం పెరగాలి. అంటే 18 శాతం శ్లాబు దాదాపు 30కి పోతుంది, 5 శాతం శ్లాబు 8 దాటుతుంది. కంపెనీల పన్ను కూడా ఎత్తేస్తే రెట్టింపు కన్నా ఎక్కువ, 18 కాస్తా 38 దాటుతుంది. పైగా ఇది జనం ఇప్పుడు కొన్నట్టే కొంటారు, ఇప్పుడు బిల్లు తీసుకున్నట్టే తీసుకుంటారు అనుకుంటేనే. 30 శాతం దగ్గర అలా జరగదు.

ఇప్పుడు మీ జేబు. ఇన్‌కమ్ ట్యాక్స్ కొత్త విధానంలో 18 లక్షల జీతానికి 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్లకు ఇచ్చే మినహాయింపు) పోను, సెస్సు కలిపి మీరు కట్టేది ఏడాదికి 1,50,800 రూపాయలు. నెలకు సుమారు 12,500. మీరు నెలంతా కొనే వస్తువుల్లో, సేవల్లో కలిసిన జీఎస్టీ 6 వేలు అనుకుందాం. అది 65 శాతం పెరిగితే 3,900 అదనం. టీడీఎస్ పోయి ఇది వస్తే ఏడాదికి మీకు లక్ష రూపాయలకు పైగా మిగులు. సంతోషమే.

కల్వకుర్తి దగ్గరి ఒక ఊరి నుంచి హైదరాబాద్ వచ్చి తాపీ పని చేసే మేస్త్రీ కుటుంబాన్ని పక్కన పెట్టి చూడండి. నలుగురు మనుషులు. నెలకు పాతిక వేలు వస్తే పాతిక వేలూ ఖర్చే. అద్దె మీద పన్ను లేదు, లూజు బియ్యం మీద లేదు, కూరగాయల మీద లేదు. మిగతా వాటిలో నూనె, బిస్కెట్లు, బట్టలు, మందులు, ఫోన్ రీఛార్జి, పండక్కి కొన్న ఫ్యాను. వీటన్నిటిలో కలిసిన జీఎస్టీ నెలకు 800 అనుకుంటే, అది 1,320 అవుతుంది. ఏడాదికి ఆరు వేల పైన అదనం. అతను ఇప్పుడు కట్టే ఇన్‌కమ్ ట్యాక్స్ ఎంత? సున్నా. అంటే రద్దు వల్ల అతనికి తిరిగొచ్చేదీ సున్నానే. మేస్త్రీ దాకా ఎందుకు? జీతం 12 లక్షల 75 వేల లోపు ఉన్న టీచరు, క్లర్కు, బ్యాంకు ఉద్యోగి అందరికీ కొత్త విధానంలో ఇప్పుడే పన్ను లేదు. మన జిల్లాల్లో జీతగాళ్లలో ఎక్కువమంది వీళ్లే.

పై మెట్టు కూడా చూడండి. ఖర్చులు పోను ఏడాదికి 60 లక్షలు మిగిలే డాక్టరుకు ఇవాళ సర్‌ఛార్జి, సెస్సు కలిపి 15 లక్షల 78 వేల పైచిలుకు పన్ను పడుతుంది. ఆయన ఇంటి ఖర్చు ఎంత పెద్ద చెయ్యి పెట్టినా 15 లక్షలు. మిగతాది జడ్చర్ల హైవే మీద ప్లాట్లలోకి, బ్యాంకు డిపాజిట్లలోకి, చిట్టీల్లోకి పోతుంది. ప్లాటు కొంటే జీఎస్టీ లేదు, రిజిస్ట్రేషన్ ఖర్చే. కాబట్టి పన్ను ఎక్కడికీ పోదు, దాచుకోగలిగినవాడి మీద నుంచి జారి, వచ్చిందంతా ఖర్చు చేయక తప్పనివాడి మీద పడుతుంది. మీరు ఈ ఇద్దరి మధ్యలో ఉన్నారు కాబట్టి మీకు లాభంగా కనిపిస్తోంది.

దీనికి ఫెయిర్ ట్యాక్స్ వాళ్ల దగ్గర జవాబు ఉంది. ప్రతి కుటుంబానికీ నెల మొదట్లోనే కొంత సొమ్ము ఖాతాలో వేస్తారు, దాంతో కనీస అవసరాల మీద పన్ను కొట్టుకుపోతుందంటారు. రైతుబంధు డబ్బులు ఖాతాల్లో పడటం చూసినవాళ్లం, ఇది కుదరదని అనను. కానీ లెక్క చూడండి. ఆ మేస్త్రీకి పెరిగిన 520 రూపాయలు తిరిగి ఇవ్వాలంటే మనిషికి నెలకు 130. 140 కోట్ల మందికి ఏడాదికి 2 లక్షల 18 వేల కోట్లు. అది కూడా ఆ అమ్మకం పన్నులోంచే రావాలి. 65 శాతం కాస్తా 75 అవుతుంది. అప్పుడు మేస్త్రీకి 130 చాలదు, ఇంకొంచెం పెంచాలి. గానుగెద్దు తిరిగినట్టే.

ఇక మనుషుల లెక్క. పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) వలస సంగతి మీకు చెప్పాలా? 2014 ఆగస్టు 19న తెలంగాణ సర్కారు ఇల్లిల్లూ తిరిగి చేసిన సమగ్ర కుటుంబ సర్వే రోజు ఇంటి దగ్గర లేకపోతే పేరు పోతుందన్న భయంతో ముంబై, భివండి నుంచి జనం బస్సులు, రైళ్లు కిక్కిరిసి ఊళ్లకొచ్చారు. కొత్త రేషన్ కార్డుల కోసం ఏళ్లు ఎదురుచూసి 2025 జులైలో గానీ అందుకోని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కార్డులో పిల్లాడి పేరు ఎక్కించడానికి అన్నేళ్లు పట్టిన చోట, ప్రతి నెలా ఒకటో తారీఖున ప్రతి మనిషికీ లెక్క తప్పకుండా డబ్బు పడుతుందంటే నాకు నమ్మకం కుదరదు. పన్ను మాత్రం మొదటి రోజు నుంచే పడుతుంది.

ఇప్పుడు షాపులోకి వద్దాం. నేను మొదట చెప్పిన అసలు కారణం ఇదే.

జీఎస్టీకీ, చివర్లో ఒక్కసారే వేసే అమ్మకం పన్నుకీ తేడా చాలామందికి తెలియదు. సిమెంటు బస్తా తీసుకుందాం, మన మేళ్లచెరువు, మఠంపల్లి వైపు ఫ్యాక్టరీలే కాబట్టి. లెక్క సులువు కోసం ధరలు నావి. ఫ్యాక్టరీ డీలరుకు 260కి అమ్మింది, 18 శాతం చొప్పున 46 రూపాయల 80 పైసలు పన్ను అక్కడే పడింది. దేవరకొండ డీలరు 300కి అమ్మాడు, పన్ను 54. తను ముందే కట్టింది మినహాయించుకొని 7 రూపాయల 20 పైసలు కడతాడు. ఆ డీలరు బిల్లు లేకుండా అమ్మేశాడనుకోండి. సర్కారుకు పోయేది ఆ 7 రూపాయల 20 పైసలు. 46 రూపాయల 80 పైసలు అప్పటికే ఖజానాలో ఉన్నాయి. పైగా తన క్రెడిట్ (ముందు కట్టిన పన్ను మినహాయింపు) కోసం డీలరే ఫ్యాక్టరీని బిల్లు ఇమ్మని అడుగుతాడు. గొలుసులో ప్రతివాడూ పై వాడి మీద కాపలా.

ఇదే బస్తా మీద చివర్లో ఒక్కసారే 30 శాతం పన్ను ఉందనుకోండి. ఫ్యాక్టరీ దగ్గర ఏమీ లేదు. 300 మీద 90 రూపాయలు మొత్తం దేవరకొండ డీలరు చేతిలోనే ఉంది. బిల్లు లేకపోతే 90కి 90 పోయినట్టే. ఒక మోస్తరు ఇంటికి 500 బస్తాలు అనుకుంటే 45 వేలు. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్యలో 45 వేలు ఊరికే ఊగుతుంటే, బిల్లు అడిగే హరిశ్చంద్రుడు ఎంతమందిలో ఒకడు ఉంటాడు?

ఇంకో దారి కూడా ఉంది. చివర వాడుకునేవాడికే పన్ను అంటే, వ్యాపారం కోసం కొనేవాడికి పన్ను ఉండదు కదా. అంటే వ్యాపార రిజిస్ట్రేషన్ నంబరు చూపించి "వ్యాపారానికి" అని రాయించుకుంటే చాలు. ఈ ఆట మాకు కొత్త కాదు. పాత సేల్స్ ట్యాక్స్ రోజుల్లో సీ ఫారం ఉండేది. పక్క రాష్ట్రం వ్యాపారికి అమ్మినట్టు ఆ ఫారం చూపిస్తే 4 శాతంతో పోయేది. కాగితం మీద సరుకు కర్ణాటక చేరేది, లారీ మాత్రం జిల్లా దాటేది కాదు. దీన్నే జీరో దందా అన్నారు. ఆ రోజుల్లో ఏ షాపుకు పోయినా రెండు పుస్తకాలు ఉండేవి, పక్కా బిల్లు ఒకటి, కచ్చా చిట్టీ ఒకటి. ఏపీజీఎస్టీలో చాలా సరుకుల మీద పన్ను ఒకే దశలో పడేది. ఆ ఒక్క దశ దాటిందా, తర్వాత ఎవరూ అడగరు. అందుకే చెక్‌పోస్టుల దగ్గర రాత్రిపూట లారీల వరుసలు ఉండేవి. 2005 ఏప్రిల్ 1న వ్యాట్ వచ్చి దశల వారీ పన్ను మొదలయ్యాక గానీ గొలుసు కుదరలేదు. 2017 జులైలో జీఎస్టీతో ఆ చెక్‌పోస్టులు కూడా పోయాయి. ఇన్నేళ్లు కష్టపడి ఒక్కచోట నుంచి నాలుగు చోట్లకు పంచిన బరువును మళ్లీ తెచ్చి ఒక్క గల్లాపెట్టె మీద పెడదాం అంటే, నా బోటివాడికి ముప్పై ఏళ్లు వెనక్కి నడిచినట్టు ఉంటుంది.

జీఎస్టీలో దొంగతనం లేదని కాదు. సరుకే లేకుండా బిల్లులు పుట్టించి క్రెడిట్ వాడుకునే ఘనులు ఉన్నారు, అద్దె గదికి బోర్డు పెట్టి కోట్ల టర్నోవర్ చూపించేవాళ్లూ ఉన్నారు. అయినా వాళ్లు పట్టుబడేది కాగితం గొలుసు ఉండబట్టే. గొలుసే లేకపోతే పట్టుకోవడానికి ఏముంది?

నా సంగతే ఒకటి చెప్తాను, నవ్వుకోండి. నాలుగేళ్ల కింద మా ఇంటికి టైల్స్ వేయించాం. 60 వేల సరుకు. షాపులో అడిగిన మొదటి మాట, "సార్, బిల్లుతోనా, బిల్లు లేకుండనా?" బిల్లుతో అయితే 10,800 ఎక్కువ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనాలకు పన్నులు కట్టండి అని చెప్పే మనిషిని నేను. మా ఆవిడ నా మొహం చూసింది, నేను టైల్స్ వైపు చూశాను. బిల్లు లేకుండానే తెచ్చుకున్నాం. తర్వాత డబ్బాలు విప్పితే తొమ్మిది టైల్స్ అంచులు విరిగి ఉన్నాయి. మార్చమని పోతే, బిల్లేది సార్ అన్నాడు. 18 శాతం దగ్గర నా నిజాయితీ అక్కడికి వచ్చి ఆగింది. 30 దగ్గర నా మీద కూడా నాకు నమ్మకం లేదు.

బిల్లు ఇచ్చి, చట్టం తప్పకుండానే పన్ను తప్పించుకునే తెలివి వేరే ఉంది. 2022 జులై 18 నుంచి, ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల దాకా ఉంటే 5 శాతం జీఎస్టీ అన్నారు. కొన్నాళ్లకే మార్కెట్లో 26 కిలోల బస్తాలు దిగాయి. మా మిర్యాలగూడ మిల్లుల వాళ్లకు ఎవరూ ట్యూషన్ చెప్పలేదు. 5 శాతం కోసమే బస్తాకు ఒక కిలో పెరిగింది. ఏ వస్తువుకు పన్ను ఉంది, ఏ వస్తువుకు లేదు అనే గీత ఎక్కడ గీస్తే అక్కడ దాని పక్కనే ఒక కొత్త సరుకు పుడుతుంది. 30 శాతం గీత పక్కన ఏమేం పుడతాయో ఊహించండి.

దొంగ లెక్కల వాళ్లు కూడా కొన్నప్పుడు కట్టక తప్పదు అన్న మీ మాటకు వస్తాను. ఈ వాదంలో బలం ఉంది, ఒప్పుకుంటాను. లంచం తిన్నవాడు కారు కొంటే పన్ను కడతాడు. ఆదాయం వ్యవసాయం మీద వచ్చిందని చూపించి తప్పించుకునేవాడు కూడా ఏసీ కొన్నప్పుడు తప్పించుకోలేడు. మన రాజ్యాంగం ప్రకారం వ్యవసాయ ఆదాయం మీద కేంద్రం ఇన్‌కమ్ ట్యాక్స్ వేయలేదు, ఆ అధికారం రాష్ట్రాలది. బత్తాయి తోట నిజంగా సాగు చేసే నల్లగొండ రైతు పేరు చెప్పుకొని, చెట్టు మొహం చూడనివాడు కూడా వ్యవసాయ ఆదాయం రాసుకుంటాడు. అయితే ఈ కారు, ఏసీల మీద పన్ను ఇప్పుడూ ఉంది, వాళ్లు ఇప్పుడూ కడుతున్నారు. ఇన్‌కమ్ ట్యాక్స్ తీసేస్తే కొత్తగా దొరికేది రేటు పెరిగినంత మేరకే. నల్లడబ్బు ఎక్కువగా పోయేది కార్లలోకి కాదు, భూమిలోకి, బంగారంలోకి, వడ్డీ వ్యాపారంలోకి. భూమి మీద జీఎస్టీ లేదు. బంగారం మీద 3 శాతం, దానికే బిల్లు వద్దనే గిరాకీలు కోకొల్లలు. ఇన్‌కమ్ ట్యాక్స్ లేకపోతే ఇంకోటి కూడా పోతుంది. భూమి కొన్నవాడిని "ఈ డబ్బు ఎక్కడిది" అని మామూలుగా అడిగే శాఖ అదే. అది పోతే ఆ ప్రశ్న అడిగేవాడు దాదాపు ఉండడు.

దుబాయ్‌లో ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కదా అని ఎవరో ఒకరు అంటారు. ఆ దేశంలో (యూఏఈలో) నూనె బావులున్నాయి, అయినా 2018లో 5 శాతం వ్యాట్, 2023లో 9 శాతం కంపెనీ పన్ను తెచ్చుకున్నారు. టెక్సస్‌లో లేదు అని డాలస్‌లో ఉన్న మనవాళ్లు అంటారు. అక్కడ లేనిది రాష్ట్ర ఆదాయపు పన్ను మాత్రమే, ఫెడరల్ పన్ను కడుతూనే ఉన్నారు. ఇంటి పన్ను ఎంతో వాళ్లనే అడగండి, గంటసేపు చెప్తారు.

ఇన్‌కమ్ ట్యాక్స్ లేని కాలం మన ప్రాంతానికీ కొత్త కాదు. నిజాం రాజ్యంలో 1940ల దాకా అది లేదు. ఖజానా నడిచింది భూమి శిస్తు, ఆబ్కారీ, కరోడ్‌గిరి మీద. కరోడ్‌గిరి అంటే సరిహద్దు నాకాల దగ్గర సరుకు మీద వసూలు చేసే సుంకం. వాడపల్లి దగ్గర కృష్ణ దాటి బట్టల మూటతో వచ్చేటప్పుడు మూట విప్పి చూపించేవాళ్లమని మా తాత చెప్పేవాడు. సుంకం చివరికి పడేది ఆ బట్ట కొన్న మనిషి మీద. భూమి శిస్తు పోను దొర చేతికి ఎంత మిగిలిందో లెక్క అడిగే చట్టం లేదు. 1950లో హైదరాబాద్ సేల్స్ ట్యాక్స్ చట్టం వచ్చింది. అటు మద్రాసులో రాజాజీ ప్రభుత్వం 1939లోనే పెట్టింది, మద్యనిషేధం వల్ల పోయిన ఆదాయం పూడ్చుకోవడానికి.

ఆదాయం బదులు ఖర్చు మీద పన్ను అన్న ఆలోచనను స్వతంత్ర భారతం ఒకసారి చేసి కూడా చూసింది, ఇది చాలామందికి గుర్తులేదు. కేంబ్రిడ్జి ఆర్థికవేత్త నికోలస్ కాల్డర్ 1956లో ఇచ్చిన రిపోర్టు చూసి, టి.టి. కృష్ణమాచారి ఖర్చు పన్ను చట్టం తెచ్చారు. అది షాపులో వేసే పన్ను కాదు, బాగా ఖర్చు పెట్టే ధనవంతులు తమ ఖర్చు లెక్క చూపించి కట్టాల్సిన పన్ను. 1958లో మొదలైంది, 1962లో తీసేశారు, 1964లో మళ్లీ పెట్టారు, 1966లో మళ్లీ తీసేశారు. వచ్చిన డబ్బు చాలా తక్కువ, లెక్కల తలనొప్పి చాలా ఎక్కువ. అదైనా ధనవంతుల ఖర్చును వెతికింది. మీరడిగేది అందరి ఖర్చునూ వెతుకుతుంది.

చట్టం సంగతి త్వరగా ముగిస్తాను. జీఎస్టీకి దారి వేసిన 101వ రాజ్యాంగ సవరణ తర్వాత రేట్లు జీఎస్టీ కౌన్సిల్ (కేంద్ర, రాష్ట్రాల మంత్రుల మండలి) సిఫారసు మీదే నడుస్తున్నాయి. అక్కడ కేంద్రానికి మూడో వంతు ఓటు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతులు, తీర్మానం నెగ్గాలంటే నాలుగింట మూడు వంతులు కావాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రేట్లు తగ్గించి 5, 18 చేసుకున్నవాళ్లు, రేపు 30 చేద్దాం రండి అంటే వస్తారా? పైగా కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా తేల్చే ఆర్థిక సంఘం లెక్కన, సెస్సులు, సర్‌ఛార్జీలు పోను, ఇన్‌కమ్ ట్యాక్స్‌లో 41 శాతం రాష్ట్రాలకు వస్తుంది. అది ఎత్తేస్తే ముందు అరిచేది రాష్ట్రాలే. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టంతో పన్ను రద్దవుతుందని వాట్సాప్‌లో తిరుగుతోంది, అది అబద్ధం. 1961 చట్టాన్ని కుదించి తిరగరాశారు, అంతే.

చివరికి మీ నాన్నగారు. అచ్చంపేట కిరాణా అంటే సగం నగదు, సగం ఉద్దెర. పత్తి అమ్మాక ఇస్తా, పల్లి అమ్మాక ఇస్తా అని ఖాతా పుస్తకంలో రాయించుకొని పోయేవాళ్లే ఎక్కువ. ఇవాళ 5 శాతం, 18 శాతం సరుకు ఉద్దెరకు పోతే ఆయన జేబులోంచి ముందు కట్టాల్సింది తన లాభం మీది చిన్న ముక్కే. మొత్తం పన్ను ఆయన దగ్గరే వసూలు చేయాలంటే, వెయ్యి రూపాయల సరుకు ఉద్దెర ఇచ్చిన నెలలోనే 300 సర్కారుకు కట్టాలి, గిరాకీ మాత్రం సంక్రాంతికి ఇస్తాడు. ఎదురు షాపువాడు బిల్లు లేకుండా అమ్మితే ఆయన గిరాకీ అంతా అటు పోతుంది. ఆయన కూడా అలాగే అమ్మితే ఏదో ఒక రోజు నోటీసు ఆయన పేరు మీద వస్తుంది. 2025 జులైలో బెంగళూరులో చిన్న దుకాణాలకు యూపీఐ లెక్కలు చూసి పన్ను నోటీసులు వస్తే, స్కానర్లు తీసేసి నగదు మాత్రమే అని బోర్డులు పెట్టుకున్నారు. అది ఇవాళ్టి రేట్ల దగ్గరే. మీకు ఏడాదికి లక్ష రూపాయలు మిగిలితే, దాని టెన్షన్ మొత్తం మీ నాన్నగారి కౌంటరు మీదికి వస్తుంది. ఆయనను అడిగి చూడండి, ఏమంటారో.

ఆ మాట ఎలాగూ వచ్చింది కాబట్టి ఇంకొకటి. సరుకు వ్యాపారానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ హద్దు ఆంధ్రలో 40 లక్షలు, మన తెలంగాణలో 20 లక్షలే. నాన్నగారి షాపు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటుతుంటే, అందులో పన్ను లేని లూజు బియ్యం, పప్పులు కూడా కలిపే లెక్కపెట్టాలని గుర్తుంచుకోండి. చాలామంది అక్కడే తప్పు చేస్తారు. దాటితే కాంపోజిషన్ స్కీము తీసుకోవడం మంచిది, కోటిన్నర టర్నోవర్ దాకా 1 శాతంతో పోతుంది, మూడు నెలలకోసారి కట్టుకోవచ్చు. గిరాకీ దగ్గర మాత్రం పన్ను అని విడిగా వసూలు చేయకూడదు. పోయిన ఏప్రిల్ నుంచి బ్యాంకు స్టేట్‌మెంటు, యూపీఐ స్టేట్‌మెంటు, హోల్‌సేల్ కొనుగోలు బిల్లులు ఒక దగ్గర పెట్టమనండి. టర్నోవర్ ఎంతో తేలాక ఇక్కడే రాయండి, ఏ ఫారం వేయాలో చెప్తాను.